చెయ్యి ఆగుతలేదు



ఎవరి జ్ఞాపకంగా మనం ఇక్కడ కూర్చున్నామో ఆయన పేరు మీ చేతుల్లోని ఆహ్వాన పత్రంలో ఉంది. నేను మాత్రం మాట్లాడినంతసేపూ మేస్త్రీ అనే అంటాను. ఆయన్ను ఎప్పుడూ అట్లాగే పిలిచాను. పేరు పెట్టి పిలిస్తే ఆయన ముందు వెనక్కి తిరిగి చూసేవాడు, ఇంకెవరినో పిలుస్తున్నారేమోనని.

మేస్త్రీ ఒక చెరకు మిల్లులో ఫిట్టరు. నేను అదే మిల్లులో షిఫ్ట్ ఇంజినీరుగా చేరిన కుర్రవాణ్ని. ఆ మిల్లు ఏదో చెప్పను. ఈ నేల మీద చెరకు ఆడిన మిల్లులు ఒకటి కంటే ఎక్కువే ఉన్నాయి. పైగా నేను చెప్పబోయే తప్పులో నా వాటా పెద్దది.

నిర్వాహకులు నాకిచ్చిన ప్రశ్న ఇది: పనిచోట లోపం కళ్లకు కనబడుతున్నా ఉద్యోగులు ఎందుకు నోరు విప్పరు? దీనికి అందరి నాలుక మీదా ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది: భయం. అది నిజమే, కానీ సగమే. మిగతా సగం కోసమే ఈ సాయంత్రం మీ సమయం తీసుకుంటున్నాను.

ముందుగా ఒక మాట. పనివాళ్లు మౌనంగా ఉంటారన్నదే పొరపాటు. షిఫ్ట్ మారే వేళ సైకిల్ స్టాండు దగ్గర నిలబడండి. గేటు బయటి హోటల్లో చాయ్ తాగండి. ఏ పంపు ఎన్ని రోజుల్లో మొరాయిస్తుందో, ఏ బిల్లులో సరుకు రాకుండానే సంతకం పడిందో, ఏ ఆఫీసరు ముందు ఆడపిల్లలు ఒంటరిగా నిలబడరో అన్నీ అక్కడ వినబడతాయి. మాట ఊరంతా తిరుగుతుంది, చేరవలసిన ఒక్క గదికి తప్ప. ఆ గది తలుపు దగ్గర ఏం జరుగుతుందన్నదే అసలు ప్రశ్న.

సీజన్, క్వార్టరు, పిలుపు

1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ మంజీర నీళ్లను ఈ పొలాల మీదికి మళ్లించింది. ఆ నీళ్ల వెంట చెరకు వచ్చింది, చెరకు వెంట 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు పడిన ఫ్యాక్టరీ. దాని చుట్టూ శక్కర్‌నగర్ అనే ఊరే లేచింది.

చెరకు మిల్లులో ఉద్యోగం మిగతా ఉద్యోగాల వంటిది కాదు. పర్మనెంట్ వాళ్లు కొందరు, సీజనల్ వాళ్లు ఇంకా చాలామంది. చలికాలం మొదట్లో బాయిలర్ వెలుగుతుంది, ఎండలు ముదిరేసరికి క్రషింగ్ ఆగుతుంది. తర్వాత సీజనల్ మనిషి ఇంటికి పోయి, రిటెన్షన్ అలవెన్సు పేరిట వచ్చే కొద్ది డబ్బుతో నెట్టుకొస్తూ, మళ్లీ వచ్చే పిలుపు కోసం చూస్తాడు. ఆ పిలుపు ఏటా వస్తుందని అందరికీ తెలుసు, రాకుండా చేయడం ఎవరి చేతిలో ఉందో కూడా తెలుసు. అతన్ని ఉద్యోగంలోంచి తీసేయనక్కర్లేదు, పిలవకపోతే చాలు. పిలవకపోవడానికి నోటీసు అక్కర్లేదు, కారణం అక్కర్లేదు.

పర్మనెంట్ వాడికి ఇంకో ముడి. ఇల్లు కంపెనీ క్వార్టరు, పిల్లల బడి అదే కాలనీలో, జ్వరం వస్తే దవాఖాన అదే కాలనీలో. పట్నంలో ఉద్యోగం పోతే జీతం పోతుంది. మిల్లు కాలనీలో ఉద్యోగం పోతే జీతంతోపాటు చిరునామా పోతుంది. అటువంటి చోట ఇంజినీరు ముందు నిలబడి ‘ఇది తప్పు సార్’ అనే మనిషి తన ఒక్కడి నోటితో మాట్లాడటం లేదు. ఇంటిల్లిపాదినీ పందెం కాస్తున్నాడు.

ఇదంతా భయం ఖాతా. ‘చెప్తె ఏమంటరో’ అన్న మాట దీనిలోంచే పుట్టింది. కానీ మన ప్రాంతంలో దానికంటే ఎక్కువగా వినబడే మాట మరొకటి ఉంది: ‘చెప్తె ఏమైతది?’

ఈ రెండూ ఒకేలా వినిపిస్తాయి, ఒకటి కావు. మొదటి మాట అనే మనిషి ఇంకా తూకం వేస్తున్నాడు, ధైర్యం చెబితే రేపు మాట్లాడవచ్చు. రెండో మాట అనేవాడు తక్కెడ కింద పెట్టేశాడు. అమెరికాలో ఎలిజబెత్ మోరిసన్, ఫ్రాన్సెస్ మిల్లికెన్ అనే ఇద్దరు పరిశోధకులు సంస్థల్లో మౌనం మీద 2000లో రాసిన వ్యాసంలో సరిగ్గా ఈ రెండు నమ్మకాలనే గుర్తించారు: చెప్పడం ప్రమాదం, చెప్పడం దండగ. మన చాయ్ హోటల్ ఆ సంగతి వాళ్లకంటే ముందే రెండు వాక్యాల్లో తేల్చేసింది.

‘దండగ’ అన్న నమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది? చూసినదాన్నుంచి వస్తుంది. బోధన్ నోరు లేని ఊరు కాదు. 2002లో నిజాం షుగర్స్‌లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయినప్పుడు కార్మికులు, రైతులు వద్దని గొంతెత్తారు. తర్వాత వేసిన శాసనసభా సంఘం కూడా ఆ అమ్మకాన్ని తప్పుబట్టింది. అయినా 2015 డిసెంబరులో బోధన్, ముత్యంపేట, మంబోజిపల్లి మిల్లులు మూడూ మూతపడ్డాయి. 2019లో లిక్విడేషన్ ఆదేశం వచ్చింది. 2024లో తిరిగి తెరిచే మార్గం చూడమని ప్రభుత్వం మరో కమిటీ వేసింది. ఆ ఊళ్లో పెరిగిన పిల్లవాడు ఇవన్నీ వరుసగా చూశాడు. అర్జీ చూశాడు, ధర్నా చూశాడు, కమిటీ చూశాడు, తాళం చూశాడు. రేపు వాడు హైదరాబాద్‌లో ఏదో కంపెనీలో చేరి మీటింగులో తల దించుకుని కూర్చుంటే, వాడికి ధైర్యం లేదని మనం ఎట్లా అంటాం? వాడు పాఠం బాగానే నేర్చుకున్నాడు.

ఛాట్

అటువంటి పాఠం నేనూ చిన్నప్పుడే నేర్చుకున్నాను. మా అమ్మ బీడీలు చుట్టేది. ఈ జిల్లాలో ఈ వాక్యం చెప్పగలిగినవాళ్లు ఈ హాల్లోనే చాలామంది ఉంటారు. నాకు తొమ్మిదో పదో ఏడు. కట్టలు అప్పగించడానికి అమ్మ వెంట కార్ఖానాకు పోయాను. వరుసలో మా వంతు వచ్చింది. బీడీలు సరిచూసే చెకర్ గంపలోంచి ఒక కట్ట తీసి, బొటనవేలితో నొక్కి, పక్కన పడేశాడు. ఇంకోటి తీశాడు, పడేశాడు. ఛాట్. అంటే పనికిరావని. అవి అమ్మ లెక్కలోంచి పోతాయి, ఆ ఆకు, తంబాకు లోటు ఆమే పూడ్చుకోవాలి. రాత్రి దీపం దగ్గర ఆ బీడీలకు దారం కట్టింది నేను. నాకు ఒళ్లు మండి, ‘అవి మంచిగనే ఉన్నయి కదా’ అన్నాను గట్టిగా. అమ్మ నా మోచేయి గిల్లి ‘ఊకో బిడ్డా’ అంది, నవ్వుతూ. ఆ నవ్వు నాకు కాదు, చెకర్‌కు.

తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా ఆడవాళ్లు అదే మాట్లాడుకున్నారు. ఎవరికి ఎన్ని పోయాయి, ఎవరికి తడి ఆకు ఇచ్చారు, ఎవరి కట్టలు చూడకుండానే తీసుకున్నారు. లెక్కలతో సహా మాట్లాడారు. అయితే రేపు ఆకు పంచేది కూడా అదే చెయ్యి. ఈ రోజు గెలిచిన రెండు కట్టలకు రేపు చిరుగుల ఆకుతో బదులు తీరుతుంది. 1966లో బీడీ కార్మికుల చట్టం వచ్చింది, ఇంట్లో కూర్చుని చుట్టేవాళ్లను కూడా అది కార్మికులుగానే లెక్క కట్టింది. కానీ ఆ వరుసలో అమ్మకూ చట్టానికీ మధ్య చెకర్ కూర్చుని ఉన్నాడు.

ఇదే జిల్లా నుంచి గల్ఫ్‌కు పోయిన మా వయసు పిల్లలకు చెకర్ బదులు కఫీల్ దొరికాడు, అంటే వీసాకు పూచీపడే యజమాని. పాస్‌పోర్టు ఆయన దగ్గర, అకామా, అంటే అక్కడ ఉండే అనుమతి, ఆయన పేరుతో ముడి. జీతం రాలేదని గొడవపడి బయటికి వస్తే ‘ఖల్లివెల్లి’ అవుతారు, అంటే కాగితం లేని మనిషి. ఫిర్యాదు చేసినవాడే నేరస్థుడయ్యే ఏర్పాటు అది. 2020లో ఖతర్, యజమాని అనుమతి పత్రం లేకుండానే పని మారవచ్చని చట్టం మార్చింది. వదిలి వెళ్లే దారి ఉన్నవాడి మాటకు బరువు వస్తుంది. దారి లేనివాడు నవ్వుతాడు, మా అమ్మ నవ్వినట్టు.

మూడో మిల్లు

ఇప్పుడు మేస్త్రీ దగ్గరికి వస్తాను.

చెరకు ఫ్యాక్టరీలో రసం పిండే ఒక్కో రోలర్ల కూర్పునూ మిల్లు అనే అంటారు. ఆ రోలర్లు తిరిగే బేరింగులు వేడెక్కుతుంటాయి. వాటికి నూనె పోసే ఆయిల్‌మన్ ఉంటాడు, చూసుకునే ఫిట్టరు ఉంటాడు. మేస్త్రీ పరీక్ష చాలా సులువు. అరచెయ్యి బేరింగ్ మీద ఆన్చి ఐదు లెక్కపెడతాడు. ఐదు దాకా చెయ్యి ఆగితే మంచిది. మూడుకే తీయవలసి వస్తే పైవాళ్లకు చెప్పవలసిందే. ఒక డిసెంబరు రాత్రి లాగ్ బుక్‌లో ఆయన ఇట్లా రాశాడు: ‘మూడో మిల్లు పై రోలరు. చెయ్యి ఆగుతలేదు.’

ఆ బుక్‌లో కుడివైపు చివర ఒక గడి ఉంటుంది: తీసుకున్న చర్య. నేను వెళ్లి చూశాను, నా చెయ్యి కూడా ఆగలేదు. పొద్దున పై ఆఫీసరుతో చెప్పాను. ఏం చెప్పానో ఇప్పుడు మీ ముందు ఒప్పుకోవాలి. ‘చెయ్యి ఆగుతలేదు’ అని చెప్పలేదు. ‘బేరింగ్ కొంచెం వేడిగా ఉంది సార్’ అన్నాను. ఆయన ‘సీజన్ మధ్యలో మిల్లు ఆపితే జవాబు ఎవరు చెప్తారు? క్లీనింగ్‌కు ఆపినప్పుడు చూద్దాం’ అన్నాడు. ఆయన తన పైవాళ్లకు పంపిన రిపోర్టులో అదే సంగతి ‘పరిశీలనలో ఉంది’ అని పోయింది. మేస్త్రీ అరచెయ్యి కాలితే, మూడు మెట్లు ఎక్కేసరికి ఆ మంట పరిశీలనగా మారింది. ఎవరూ అబద్ధం ఆడలేదు. ప్రతి మెట్టు మీదా ఒకడు మాటను కొద్దిగా చల్లార్చాడు, అంతే.

ఇది మా మిల్లుకే ప్రత్యేకం కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. 1986 జనవరి 28న చాలెంజర్ అంతరిక్ష నౌక పేలి ఏడుగురు చనిపోయారు. ముందు రాత్రే ఇంజినీర్లు ఇంత చలిలో ప్రయోగం వద్దని వాదించారు. వాళ్ల పైవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆ ‘వద్దు’ కాస్తా ‘పర్వాలేదు’ అయింది.

నేను గడిలో ‘నోటెడ్’ అని రాసి సంతకం పెట్టాను. మర్నాడు మేస్త్రీ మళ్లీ రాశాడు, నేను మళ్లీ నోటెడ్. పదకొండు సార్లు. ఆ తర్వాత ఆయన రాయడం మానేశాడు. నేనేం అనుకున్నానో చెప్పనా? బేరింగ్ దారికి వచ్చిందనుకున్నాను. బుక్ శుభ్రంగా ఉంది కదా!

శుభ్రంగా ఉన్న బుక్ గురించి ఒక సంగతి. 1990ల్లో ఎమీ ఎడ్మండ్సన్ అనే హార్వర్డ్ పరిశోధకురాలు ఆసుపత్రుల్లో మందుల పొరపాట్లను లెక్కవేసింది. కలిసికట్టుగా పనిచేసే మంచి బృందాల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయని ఆమె అంచనా. తీరా చూస్తే వాటి లెక్కే ఎక్కువ. వాళ్లు ఎక్కువ తప్పులు చేయడం లేదు, చేసినవి పైకి చెబుతున్నారు. ‘నా డిపార్ట్‌మెంట్‌లో ఒక్క కంప్లయింటు కూడా లేదు’ అని గర్వపడే ఆఫీసర్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు. మనం దాన్ని పూర్ణాంగీకారంగా రాసుకుంటాం.

సంక్రాంతి ముందు ఒక తెల్లవారుజామున మూడో మిల్లు బేరింగ్ పట్టేసింది. రెండున్నర రోజులు మిల్లు ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అది అదృష్టం. చెరకు బండ్లు గేటు నుంచి పెద్ద రోడ్డు దాకా నిలిచాయి. కొట్టిన చెరకు ఎండలో నిలబడితే తూకం తగ్గుతుంది, రసంలో తీపి తగ్గుతుంది. తీపి తగ్గితే మిల్లుకు నష్టం, తూకం తగ్గితే రైతుకు నష్టం. రైతులు బండ్ల కిందే పడుకుని, ఎడ్లకు చెరకు కొసలు వేస్తూ రెండు రాత్రులు గడిపారు. గోటితో పోయేది గొడ్డలి దాకా వచ్చింది. గొడ్డలి దెబ్బ, బుక్‌లో పేరే లేని రైతు మీద పడింది.

విచారణ జరిగింది. బుక్ తెప్పించారు. చివరి మూడు వారాల పేజీలు తిప్పారు, బేరింగ్ మాటే లేదు. అంతకు ముందు పేజీలు ఎవరూ తిప్పలేదు. నేనూ తిప్పలేదు. తప్పు ఆయిల్‌మన్ మీదికి పోయింది, నూనె సరిగా పోయలేదని. అతను సీజనల్. మరుసటి సీజన్‌కు అతనికి పిలుపు రాలేదు.

చివరి గడి

మన రాష్ట్రాల్లో జరిగిన పెద్ద సంఘటనలు రెండు చూద్దాం. 2008 డిసెంబరులో సత్యం కంప్యూటర్స్ డైరెక్టరు ఒకరికి ‘జోసెఫ్ అబ్రహం’ అనే మారుపేరుతో ఒక ఈమెయిల్ వెళ్లింది, లెక్కలు బూటకమని. మూడు వారాలు తిరగకముందే, 2009 జనవరి 7న, చైర్మన్ రామలింగరాజు తానే ఉత్తరం రాసి ఒప్పుకున్నాడు. లేని నగదు 5,040 కోట్లు పుస్తకాల్లో ఉందని. వేలమంది చదువుకున్న ఉద్యోగులున్న సంస్థలో నిజం చెప్పిన ఆ ఒక్క గొంతు కూడా పేరు మార్చుకుని రావలసి వచ్చింది.

రెండోది 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి పరిశ్రమలో పేలుడు, నలభై మందికి పైగా ప్రాణాలు పోయాయి. చనిపోయిన ఉద్యోగి కుటుంబం పోలీసులకిచ్చిన ఫిర్యాదులో ఒక ఆరోపణ ఉంది: యంత్రాలు పాతబడ్డాయని, మార్చమని తమవాళ్లు ముందే పైవాళ్లకు చెప్పారని. నిజానిజాలు తేల్చేది కోర్టు. కానీ ఆ ఫిర్యాదు చదివిన రోజు నాకు పదకొండు ‘నోటెడ్’లు గుర్తొచ్చాయి. చెవిటివాని ముందు శంఖం ఊదినట్టని మనకో సామెత ఉంది. అందులో శంఖాన్ని గానీ ఊదినవాణ్ని గానీ ఎవరూ తప్పుపట్టరు. పనిచోటికి వచ్చేసరికి మాత్రం ‘మీరు గట్టిగా చెప్పలేదు’ అంటాం.

చట్టం అసలే లేదని కాదు. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టంలో 41-హెచ్ సెక్షన్ చేర్చారు. ప్రమాదకరమైన ప్రక్రియ నడిచే చోట ముప్పు ముంచుకొస్తోందని కార్మికుడికి అనిపిస్తే మేనేజరుకూ ఇన్‌స్పెక్టరుకూ ఒకేసారి తెలియజేసే హక్కు అది ఇచ్చింది. అక్రమాలు బయటపెట్టేవారి రక్షణ చట్టం 2014లో ఆమోదం పొంది, అమలు తేదీ కోసం ఏళ్లుగా కాగితం మీదే కూర్చుంది. రోడ్డు పనుల అవినీతిపై ప్రధాని కార్యాలయానికి రాసిన ఇంజినీరు సత్యేంద్ర దూబే 2003లో గయలో హత్యకు గురైతే, అటువంటి చట్టం కావాలన్న మాట దేశమంతా లేచింది. తాను రాసిన సంగతి గోప్యంగా ఉంచమని ఆయన కోరాడు. ఉంచలేదు.

హక్కు ఉండాలి, రక్షణ ఉండాలి, సంఘం ఉండాలి. సీజనల్ మనిషి ఒంటరిగా చెప్పలేనిది యూనియన్ నోటితో చెప్పగలడు, అందుకే యూనియన్ బలహీనపడిన చోట మొదట పెరిగేది మౌనమే. ఇవన్నీ భయం ఖాతాకు మందు. ‘ఏమైతది’ అనే ఖాతాకు మందు వేరే ఉంది. అది చివరి గడిలో ఉంది.

టొయోటా ఫ్యాక్టరీల్లో లైను పొడుగునా ఒక తాడు ఉండేది. లోపం కనబడితే ఏ కార్మికుడైనా దాన్ని లాగవచ్చు. లాగితే పైవాడు వెంటనే అక్కడికి రావాలి. మనవాళ్లు చూసివచ్చి తాడు గురించి గొప్పగా చెబుతారు. తాడు మన దగ్గరా ఉంది, దాని పేరు సలహాల పెట్టె. ప్రతి ఆఫీసు వరండాలోనూ తాళం వేసి వేలాడుతుంది. లేనిదల్లా లాగితే వచ్చే మనిషి.

అందుకని ఇక్కడున్న ఆఫీసర్లకూ హెడ్మాస్టర్లకూ షోరూం యజమానులకూ నా విన్నపం ఒక్కటే. ధైర్యంగా మాట్లాడమని మీ కింది వాళ్లకు ఉపన్యాసాలు ఇవ్వకండి. ఎవరైనా ఒక చిన్న లోపం చెబితే, మూడు రోజుల్లో వాళ్ల దగ్గరికి మీరే నడిచి వెళ్లి జవాబు చెప్పండి. ‘చేశాం’ అనైనా, ‘చేయలేం, ఇదీ కారణం’ అనైనా. నలుగురూ చూస్తుండగా చెప్పండి. కాదన్న జవాబును మనుషులు ఓర్చుకుంటారు. జవాబే లేకపోతే ఓర్చుకోరు, అలవాటు పడతారు. ఆ అలవాటుకే మనం మౌనం అని పేరు పెట్టుకున్నాం.

మేస్త్రీ రిటైరైన చాలా ఏళ్లకు వాళ్లింటికి పోయాను. ఆ మాటా ఈ మాటా అయ్యాక, ఇన్నేళ్లూ అడగనిది అడిగాను: ‘మేస్త్రీ, పన్నెండో రోజు ఎందుకు రాయలేదు?’

ఆయన కప్పు కింద పెట్టాడు. ‘మీరు సదువుతున్నరా లేదా అని సూద్దామని ఒక్కరోజు రాయలే సార్. ఆడ జాగ ఇడిసిపెట్టి సంతకం జేసిన. మీరు అడుగుతరనుకున్న.’ కొంచెంసేపు ఆగి అన్నాడు, ‘మీరు అడగలే.’

కోపంగా అనలేదు. చాయ్ చల్లారుతోందని నాకు గుర్తుచేశాడు.

ఆ పేజీ నాకు బాగా తెలుసు. బేరింగ్ గురించి ఎవరూ ఏమీ రాయలేదని విచారణ రోజున తెరిచి చూపించింది నేనే. తేదీ ఉంది. షిఫ్టు ఉంది. మేస్త్రీ సంతకం ఉంది. రాయవలసిన చోట ఖాళీ జాగా ఉంది. దాని పక్కన, చివరి గడిలో, నా చేతిరాతలో ‘నోటెడ్’ అని ఉంది.